చీటీ తీసిన చేయి ఎవరిది?
(రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



ఇరువదియైదు సంవత్సరములు ఒక గ్రామ గ్రంథాలయమును మూతపడకుండ నడుపుట ఎంతటి పనియో ఎరిగినవాడను గనుక ముందుగా మీకు నా అభినందనములు. నేను సీతాఫల్‌మండి వాసిని. ఒకప్పుడు అచ్చట సీతాఫలముల అంగడి యుండుటచే ఆ పేటకు ఆ పేరు వచ్చినదందురు. ఒకవైపున ఉస్మానియా విశ్వవిద్యాలయపు ఆవరణము, దాని కావల తార్నాక. చదువుల నడుమ కాపురము గనుక ఏదైన శాస్త్రవిషయము చెప్పుమని మీ కార్యదర్శిగారు కోరిరి. అది గ్రామస్థులకు పనికివచ్చునదిగా నుండవలెననియు వ్రాసిరి. ఈ రెండవ మాట కొంచెము కష్టమైనది. కంప్యూటరు లెక్కగట్టి వేయు సంఖ్యలను పరులు ఎట్లు ముందుగా పసిగట్టుదురను విషయము పల్లెకు ఏమి పనికివచ్చునని మీలో కొందరికి తోచవచ్చును. మీ బ్యాంకు ఖాతాలును, కొన్ని యూళ్లలో భూముల పంపకములును ఆ సంఖ్యలమీదనే నిలిచియున్నవి గనుక, అవశ్యము పనికివచ్చునని నా అభిప్రాయము.

మీరెరిగిన దానితోనే మొదలుపెట్టెదను. ఇద్దరికి సమానమైన హక్కున్న వస్తువు ఒక్కటే యున్నప్పుడు మన యూళ్లలో చీటీలు వేయుదురు. కాగితమును ఒకే కొలతకు చింపి, పేర్లు వ్రాసి, ఒకే తీరున మడిచి, చెంబులో వేసి కుదిపి, అక్షరములు రాని పసిబిడ్డను పిలిచి ఒకటి తీయుమందురు. ఎందుకు పసిబిడ్డ? ఆ బిడ్డకు ఎవరి చీటీ ఏదో తెలియదు. తెలిసినను ఎవరిమీదను పక్షపాతము లేదు. అంతకంటె ముఖ్యమైనది, ఊరంతయు చుట్టును నిలిచి చూచుచుండును. ఓడినవాడు కూడ తలవంచి ఇంటికి పోవును. తన అదృష్టమును తిట్టుకొనునేగాని పెద్దమనుష్యులను తిట్టడు.

కంప్యూటరునకు చెంబు లేదు, బిడ్డ లేదు. అది నియమము తప్పని సేవకుడు. ఇచ్చిన లెక్కను ఇచ్చినట్లు చేయును. అదే లెక్కను మరల నిచ్చిన అదే జవాబు చెప్పును. అట్టి యంత్రమును “ఏదో ఒక సంఖ్య చెప్పుము” అని అడిగిన అది తనంత తాను ఏమియు చెప్పజాలదు. అందుచే పండితులు ఒక ఉపాయము పన్నిరి. మొదట ఒక సంఖ్యను దానికి అందింతురు. దీనిని బీజమందురు, విత్తనమన్నను సరియే. ఆ బీజమును ఒక నియమము ప్రకారము గుణించి, కూడి, కొంత భాగమును కోసివేయగా రెండవ సంఖ్య వచ్చును. దానినుండి మూడవది, దానినుండి నాలుగవది. చూచువానికి ఈ వరుస గాలివాటున వచ్చినట్లే కనబడును. నిజమునకు అది యాదృచ్ఛికము కాదు, యాదృచ్ఛికమువలె నటించునది. ఇంగ్లీషువారు దీనిని సూడో రాండమ్ అందురు. లెక్కతో యాదృచ్ఛికమును పుట్టింపజూచుట పాపమేయని జాన్ వాన్ నాయ్‌మన్ అను మహాగణితజ్ఞుడు 1951 లో పరిహాసముగ వ్రాసెను. అట్టి పద్ధతులను మొదట వాడినవారిలో ఆయనయు నొకడు.

ఒక చిన్న లెక్క చేసి చూపెదను. ఇక్కడ బడిపిల్లలు ఉన్నారు గనుక వారు నాతోపాటు వేయవచ్చును. నియమమిది: చేతనున్న సంఖ్యను 21 చేత గుణించి, 7 కలిపి, చివరి రెండంకెలను మాత్రము ఉంచుకొనవలెను. బీజము 13 అనుకొందము. 13 ను 21 చేత గుణించిన 273, ఏడు కలిపిన 280, చివరి రెండంకెలు 80. మరల 80 తో చేసిన 1687, అనగా 87. తరువాత 34, తరువాత 21, తరువాత 48. “80, 87, 34, 21, 48” అని చదివి వినిపించినయెడల ఇందులో క్రమమున్నదని ఎవరును అనుకొనరు. పైగా ఈ నియమము ఒక్క సంఖ్యనైన విడువక, నూరింటిని చుట్టివచ్చినగాని మొదటికి రాదు. చూచుటకు ఎంత నిష్పక్షపాతము!

ఇప్పుడు మీలో ఒక గడుసువాడు 21 అనియు 7 అనియు తెలియకయే, గుణకారము, కూడిక, చివరి రెండంకెలు అను పద్ధతి మాత్రము తెలిసికొని మూడు సంఖ్యలను విన్నాడనుకొందము: 80, 87, 34. మొదటి రెంటికి భేదము 7. తరువాతి రెంటికి భేదము కావలెను. 34 నుండి 87 పోదు గనుక నూరు అరువు తెచ్చి, 134 లో 87 తీసివేసిన 47. కలిపిన సంఖ్య రెండువైపులను ఒకటే గనుక భేదములో అది కొట్టుకొనిపోయినది, మిగిలినది గుణకారమే. కావున 7 ను ఎంతచేత గుణించిన చివర 47 వచ్చును? ఏడవ ఎక్కము పెంచి చూచిన 7 ఇరువదియొకట్లు 147. దొరికినది 21! ఇక 80 ని 21 చేత గుణించిన 1680. రావలసినది 87 గనుక కలిపినది 7. ఇంతటితో నియమము సమస్తము వాని చేతిలోనున్నది. నాలుగవ సంఖ్యను యంత్రముకంటె ముందుగా వాడే చెప్పును. పెద్ద పెద్ద సంఖ్యలతో నడుచు ఇట్టి నియమములును, ఎక్కడ కోసిరో తెలియకున్నను, ఈ తీరుననే పట్టుబడునని 1982 లో జోన్ బోయర్ అను గణితజ్ఞురాలు నిరూపించెను. వాతావరణపు లెక్కలకును, బొమ్మలాటలకును ఈ నియమములు చాలును. గాలివానకు మనలను మోసగింపవలెనను పట్టుదల లేదు గదా. ఎదుట శత్రువున్నచోటనే ప్రమాదము.

బ్యాంకువారు మీ సెల్‌ఫోనునకు పంపు ఆరంకెల ఓటీపీ సంగతి చూడుడు. ఆరంకెలతో పది లక్షల సంఖ్యలు వ్రాయవచ్చును. దొంగ ఊహించి కొట్టవలెనన్న పది లక్షలలో ఒక అవకాశము. కాని ఆ సంఖ్యను వేయు యంత్రపు నియమమును, బీజమును వాడు కనిపెట్టెనా, అవకాశముతో పనిలేదు. వచ్చు సంఖ్య వానికి ముందే తెలియును. (ఇక్కడ ఒక మాట. మన యూళ్లలో జరుగుచున్న ఓటీపీ మోసములలో చాలవరకు ఇంత విద్య అక్కరలేనివి. ఫోను చేసి తీయగా అడుగుదురు, మనవారు చెప్పివేయుదురు. దానికి గణితము బాధ్యురాలు కాదు.)

గూఢలేఖనములోని తాళములు మిక్కిలి గట్టివి. వానిని బద్దలుకొట్టుటకు ప్రపంచములోని కంప్యూటర్లన్నియు చాలవు. అందుచే తెలివిగలవాడు తాళముమీదికి పోడు. తాళపుచెవి ఎట్లు పుట్టినదని వెదకును. 1995 లో నెట్‌స్కేప్ అను సంస్థవారి ఇంటర్నెట్ ప్రోగ్రాము ద్వారా జనులు తమ కార్డు సంఖ్యలను పంపుచుండిరి. దాని తాళము మంచిదే. తాళపుచెవిని చేయుటకు వాడిన బీజము మాత్రము గడియారమునందలి సమయము, యంత్రములో నడుచుచున్న పనులకు ఇచ్చిన వరుస సంఖ్యలు. కాలిఫోర్నియాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయములో చదువుకొనుచున్న ఇయాన్ గోల్డ్‌బర్గ్, డేవిడ్ వాగ్నర్ అను ఇద్దరు యువకులు ఈ సంగతి గ్రహించిరి. సమయము ఎవరికి తెలియదు? వారు ఒక నిమిషములోపల తాళపుచెవిని పట్టుకొనగలిగిరి.

దీనికంటె విచిత్రమైనది డెబియన్ కథ. అది స్వచ్ఛందముగ పనిచేయు నిపుణులు ఉచితముగ పంచిపెట్టు కంప్యూటరు వ్యవస్థ. అనేక సంస్థల యంత్రములు దానిమీద నడుచుచున్నవి. 2006 లో ఒక ప్రోగ్రాములోని రెండు పంక్తులను, తప్పులు వెదకు సాధనము వానిపై ఆక్షేపణ తెల్పుటచే, పనికిరానివని తీసివేసిరి. ఆ పంక్తులే బీజమునకు బలమిచ్చునవి. వానిని తీసిన తరువాత బీజమునకు మిగిలిన రూపములు 32,768 మాత్రమే. ఆకాశములోని నక్షత్రములకంటె ఎక్కువగా నుండవలసిన తాళపుచెవులు ఒక మాదిరి పట్టణపు జనాభా పాటికి దిగినవి. ప్రోగ్రాము నడచుచునే యుండెను, తాళములు పడుచునే యుండెను, ఎవరికిని ఏ లోపమును కనబడలేదు. 2008 మే నెలలో లూసియానో బెలో అనునాతడు కనిపెట్టువరకు దాదాపు రెండు సంవత్సరములు అట్లే గడచెను. చెడిపోయిన యంత్రము ఆగిపోవును, చప్పుడు చేయును. చెడిన బీజము ఏ చప్పుడును చేయదు.

2012 లో మరొకటి బయటపడెను. ఇంటర్నెట్ పెట్టెల వంటి చిన్న యంత్రములు, క్రొత్తగ కరెంటు తగిలించిన వెంటనే, ఇంకను లోకమును ఏమియు చూడకముందే తాళపుచెవులను చేసికొనుచుండెను. కన్ను తెరవని బిడ్డలన్నియు ఒకే తీరున ఏడ్చినట్లు, వేరువేరు పెట్టెలు ఒకే ప్రధాన సంఖ్యను ఏరుకొనెను. ఈ తాళములలో రెండు పెద్ద ప్రధాన సంఖ్యలను గుణించి లబ్ధమును బహిరంగముగ ప్రకటింతురు. లబ్ధమును చూచి వానిని విడదీయుట అసాధ్యము. కాని ఇద్దరి లబ్ధములలో ఒక ప్రధాన సంఖ్య ఉమ్మడిగా నున్నయెడల, మన ఉన్నత పాఠశాల బాలురు కట్టు గ.సా.భా. చాలును! 15 కును 21 కిని 3 ఉమ్మడియని చెప్పినంత సులభముగ రెండు తాళములును ఊడివచ్చును. నేడియా హెనింగర్ మొదలగు పరిశోధకులు ఇంటర్నెట్టునంతటిని గాలించి, తాము చూచిన సురక్షిత యంత్రములలో నూటికి అర వంతు తాళములను ఈ విధముగ తెరచిరి. మరొక పరిశోధక బృందమువారును అదే సంవత్సరము స్వతంత్రముగ ఇట్టి ఫలితమునే ప్రకటించిరి.

సంక్రాంతికి పేకముక్కలు చేతబట్టని గ్రామమున్నదో లేదో నాకు తెలియదు. ఆ ఆటను మెచ్చి చెప్పుటలేదు. లెక్క కొరకు చెప్పుచున్నాను. 52 ముక్కలను కలిపిన ఎన్ని వరుసలు రాగలవు? ఆ సంఖ్యను వ్రాయుటకు 68 అంకెలు కావలెను. 1999 లో ఏ.ఎస్.ఎఫ్. సాఫ్ట్‌వేర్ అను కంపెనీ కంప్యూటరుమీద పోకరు ఆడించుచు, తమ కలుపు పద్ధతి న్యాయమైనదని చూపుటకు దానిని ప్రకటించెను. దాని బీజము 429 కోట్లకు మించజాలదు; పైగా దానిని అర్ధరాత్రి మొదలు గడచిన మిల్లీసెకండ్ల లెక్కనుండి తీసికొనుచుండిరి. దినమునకు అవి 8,64,00,000 మాత్రమే. రిలయబుల్ సాఫ్ట్‌వేర్ టెక్నాలజీస్ అను సంస్థలోని పరిశోధకులు తమ గడియారమును ఆ యంత్రపు గడియారముతో సరిచేసికొనగా రమారమి రెండు లక్షల వరుసలు మిగిలెను. తమ చేతి ముక్కలు రెండు, బల్లపై తెరచిన ముక్కలు మూడు చూచినంతనే ఆ రెండు లక్షలలో సరిపడునది ఒక్కటి తేలెను. అంతటితో ఎదుటివారి చేతిలో ఏమున్నదో, తరువాత ఏ ముక్క రానున్నదో సమస్తము తెలిసిపోయెను. పద్ధతిని ప్రకటించుట ఆ కంపెనీవారి తప్పు కాదని గట్టిగ చెప్పదలచితిని. ప్రకటించినందుననే లోపము బయటపడెను. తప్పు బీజములో నున్నది.

బీజము బలహీనముగ నుండుట ఒక సంగతి. బీజమును వేయువాడే దొంగయైన? అమెరికాలో పలు రాష్ట్రముల లాటరీలను నడుపు మల్టీ స్టేట్ లాటరీ అసోసియేషన్ అను సంఘములో ఎడ్డీ టిప్టన్ అనునాతడు భద్రతాధికారి. సంఖ్యలు తీయు యంత్రపు ప్రోగ్రామును వ్రాసినవాడును అతడే. సంవత్సరములో మూడు దినములు, అదియు కొన్ని వారములందు రాత్రి వేళ మాత్రము, యంత్రము నిజమైన బీజమును వదలి తాను ముందుగా లెక్కగట్టగల బీజమును తీసికొనునట్లు అందులో గుట్టుగ అమర్చెను. మిగిలిన దినములందు యంత్రము ధర్మరాజు. ఎన్ని పరీక్షలు చేసినను నెగ్గినది. 2010 డిసెంబరు 29 న తీసిన లాటరీలో కోటి డాలర్లకు మించిన బహుమానము వచ్చిన టికెట్టును అయోవా రాష్ట్రములోని ఒక పెట్రోలు బంకు దుకాణమున ఒకడు కొనెను. ఒక సంవత్సరము దాదాపు గడచువరకు సొమ్ము అడుగుటకు ఎవరును రాలేదు. వచ్చినవారు కొన్నవాని పేరు చెప్పలేదు. 2014 లో ఆ దుకాణపు కెమెరా దృశ్యమును ప్రకటింపగా, ముసుగులోనున్నవాని గొంతును సహోద్యోగులు గుర్తుపట్టిరి. 2015 లో నేరము రుజువయ్యెను. 2017 లో ఇతర రాష్ట్రముల మోసములను కూడ ఒప్పుకొనెను, ఇరువదియైదేండ్ల వరకు శిక్ష విధింపబడెను. విస్కాన్సిన్ రాష్ట్రమువారు పాత యంత్రమును పారవేయక దాచియుంచుటచే ఆ గుట్టు ప్రోగ్రాము దొరకెను. పాత కాగితములను, పాత పుస్తకములను దాచు మన గ్రంథాలయమువారికి ఈ సంగతి సంతోషము కలిగింపవచ్చును.

ఒక వ్యక్తియే కాదు, ప్రభుత్వములును ఇట్టి పనికి సందేహింపబడినవి. 2006 లో అమెరికా ప్రమాణముల సంస్థ ఆమోదించిన ఒక సంఖ్యాజనక పద్ధతిలో గుప్తద్వార ముండవచ్చునని మరుసటి యేడే ఇద్దరు నిపుణులు సభలో చూపిరి. 2013 లో స్నోడెన్ బయటపెట్టిన పత్రముల తరువాత ఆ సందేహము బలపడి, ఆ పద్ధతిని ఉపసంహరించిరి.

అయినచో నమ్మదగిన బీజము ఎక్కడ దొరకును? మా పేట పేరును ఇక్కడ వాడుకొందును. ఒక బుట్టెడు సీతాఫలములు తెచ్చి, ఒక పండును తిని గింజలు లెక్కపెట్టుడు. సరియా, బేసియా? పండు కోయకముందు ఏ జ్యోతిష్కుడును చెప్పజాలడు. సరిసంఖ్య కొంచెము ఎక్కువసార్లు వచ్చుననుకొన్నను భయములేదు. దానికిని వాన్ నాయ్‌మన్ మందు చెప్పెను. పండ్లను జతలుగ తీసికొని, రెండును సరియైనను రెండును బేసియైనను విడిచివేయవలెను. మొదట సరి, తరువాత బేసి వచ్చిన “ఒకటి” యనియు, మొదట బేసి, తరువాత సరి వచ్చిన “సున్న” యనియు వ్రాసికొనవలెను. పక్షపాతము రెండువైపులను సమముగ పడి కొట్టుకొనిపోవును. ఇట్టి గుర్తులు ఇరువది కూడిన పది లక్షలకు పైబడిన అవకాశములు కలుగును. నేటి తాళపుచెవికి 128 కావలెను. కడుపునొప్పి వచ్చును గాని తాళము గట్టిది. నేటి యంత్రములు పండ్లకు మారుగా విద్యుత్తు తీగలలోని సూక్ష్మమైన చప్పుడును, మనము మీటలు నొక్కుటలోని క్షణభేదములను ప్రోగుచేసికొనును.

అట్టి నిజమైన బీజము కొంచెమే దొరకును. దానిని పెంచుటకు నియమము కావలెను. నేను చూపిన 21, 7 వంటి నియమము పనికిరాదు. 1982 లో మాన్యుయెల్ బ్లమ్, సిల్వియో మికాలీ అనువారు, అదే యేట ఆండ్రూ యావో అనునాతడు, క్రొత్త త్రోవ చూపిరి. తరువాతి గుర్తును సగముకంటె మేలుగ ఊహింపగలవాడు ఎవడైన నున్నయెడల, తరతరములుగ గణితజ్ఞులకు కొరుకుడుపడని కఠినమైన లెక్కను వాడు సాధించినవాడగును. అట్లు నియమమును కట్టుటయే ఆ త్రోవ. ఈ శాస్త్రమునకు మన ప్రాంతము దూరము కాదు. భారతదేశపు గూఢలేఖన శాస్త్ర మహాసభ ‘ఇండోక్రిప్ట్’ 2002 లోను 2010 లోను హైదరాబాదులోనే జరిగెను. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితము చదివి, 1941 లో కలకత్తా సంఖ్యాశాస్త్ర సంస్థలో చేరి, యాదృచ్ఛికమును లోకోపకారమునకు వినియోగించుటలో జగత్ప్రసిద్ధులైన కల్యంపూడి రాధాకృష్ణారావుగారు 2023 లో పరమపదించిరి. వారి పేరిట గచ్చిబౌలిలోని హైదరాబాదు విశ్వవిద్యాలయ ఆవరణములో నెలకొల్పిన సంస్థలో గూఢలేఖనమును ఒక పరిశోధన విషయముగ నున్నది.

ఇక భూముల పంపకము సంగతి. అమరావతి రాజధాని కొరకు ఇరువదితొమ్మిది గ్రామముల రైతులు ముప్పదిమూడు వేల ఎకరములకు పైగా భూమిని సమీకరణమున ఇచ్చిరి. వారికి తిరిగి ఈయవలసిన ప్లాట్లను 2016 లో నేలపాడుతో మొదలిడి ఎలక్ట్రానిక్ లాటరీ ద్వారా కేటాయించిరి. అక్కడ అన్యాయము జరిగినదని నేను చెప్పుటలేదు. అట్లనుటకు నాకు ఆధారము లేదు. నేనడుగునది వేరు. రోడ్డు ప్రక్క ప్లాటు ఒకరికి, లోపలి ప్లాటు ఒకరికి వచ్చును. తరతరముల పొలమును ఇచ్చినవాడు తెరమీద తన సంఖ్యను చూచి ఇంటికి పోవునపుడు, చెంబు చుట్టును నిలిచినవానికున్న నెమ్మది వానికుండునా? తెరమీద వచ్చిన సంఖ్యకు, ముందే వ్రాసిపెట్టిన సంఖ్యకు కంటికి తేడా లేదు.

మన ఎన్నికల సంఘమువారి పద్ధతిలో ఈ రెండు త్రోవలును ఉన్నవి. ఏ ఓటింగు యంత్రము ఏ కేంద్రమునకు పోవలెనో కంప్యూటరు ప్రోగ్రాముతో కలగలుపుదురు. కాని ఓట్ల చీటీలను యంత్రపు లెక్కతో సరిచూచుటకు, 2019 నాటి సుప్రీంకోర్టు ఆజ్ఞ ప్రకారము, ప్రతి శాసనసభ నియోజకవర్గమున ఐదు కేంద్రములను ఎన్నుకొనునపుడు, కాగితములు మడిచి డబ్బాలో వేసి, అభ్యర్థుల యెదుట చీటీలే తీయుదురు! కొందరు దీనిని చూచి నవ్వుదురు. నాకు మాత్రము నవ్వు రాదు.

కంప్యూటరును వదలవలెననియు నేననను. వేలకొలది ప్లాట్లకు చీటీలు మడుచుట కష్టము. తాళపుచెవికిని పంపకమునకును బీజము విషయములో ఒక భేదమున్నది. తాళపుచెవి బీజము ఎవరికిని ఎన్నటికిని తెలియరాదు. పంపకపు బీజము ముందుగా ఎవరికిని తెలియరాదు, తరువాత అందరికిని తెలియవలెను. 2017 లో అమెరికాలోని కొలరాడో రాష్ట్రమువారు ఎన్నికల లెక్కను సరిచూచుటకు ఏ ఓట్లను తీయవలెనో నిర్ణయించునపుడు, పది ముఖములుగల పాచికలు ఇరువదింటిని బహిరంగముగ దొర్లించి ఆ అంకెలనే బీజముగ యంత్రమున కిచ్చిరి. నియమము ముందే ప్రకటితము. కావున ఎవరైనను ఇంటిలో కూర్చుండి అదే లెక్కను మరల చేసి సరిచూచుకొనవచ్చును. మన యూళ్లలోను అట్లే అడుగవచ్చును: ప్రోగ్రామును పదిదినములు ముందుగా ప్రకటింపుడు, జాబితాను అంటింపుడు, పంపకము నాడు రైతులచేతనే గవ్వలో పాచికలో వేయింపుడు, ఆ అంకెలను నల్లబల్లమీద వ్రాయుడు, అటుపిమ్మట యంత్రమును నడుపుడు. ఈ గ్రంథాలయములో ఒక కంప్యూటరున్నయెడల మీ బడిపిల్లలే సాయంకాలమునకు ఆ పంపకమును తిరిగి చేసి చూపగలరు.

ఆ పిల్లలకొక పని పెట్టి నా ఉపన్యాసమును ముగించెదను. నేను వేరొక గుణకారమును, వేరొక కూడికను మనసులో పెట్టుకొని, చివరి రెండంకెలను మాత్రము ఉంచుకొని, వరుసగ మూడు సంఖ్యలు తీసితిని: 14, 83, 12. నాలుగవది ఏది? జవాబును మీ గ్రంథపాలకుని కడ మడిచిన కాగితములో ఉంచితిని.